ఎడమచేతి మడత

ఆస్పత్రి కింది అంతస్తులోని బట్టలుతికే గదిలోకి ఆ దుప్పటి జారి పడింది బుధవారం మధ్యాహ్నం.

పై అంతస్తుల నుంచి దిగే గొట్టాల్లోంచి బట్టలు పడటం వింతేమీ కాదు. పై వార్డులన్నిటి నుంచీ మాసిన దుప్పట్లు ఉండలు చుట్టుకుని, ఒక్కోసారి రోగుల కళ్లజోళ్లతో సహా, వచ్చి పడుతూనే ఉంటాయి. కాని ఇది మూడో అంతస్తు గొట్టం. ఆ వార్డును రంగులు వేయడానికి ఖాళీ చేసి పది రోజులైంది. పైగా ఈ దుప్పటి మడతపెట్టి ఉంది.

పెద్దక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ గదికి ఆవిడే పెద్ద. డాక్టర్లు కూడా పెద్దక్కా అనే పిలిచేవారు. దుప్పటి వెచ్చగా ఉంది. ఎండవేడి కాదు, యంత్రం వేడీ కాదు. మనిషి అప్పుడే దాని కిందనుంచి లేచినట్టుంది. మడత ఎడమవైపు నుంచి మొదలై, చివరి కొస కవరు మూతలా లోపలికి దోపి ఉంది.

అలా మడతపెట్టేది ఒక్కతే. ఆవిడ కూతురు. ఎడమచేతి వాటం పిల్ల. ఎన్నిసార్లు సరిదిద్దినా "నా మడత నాదేనమ్మా" అని నవ్వేసేది. ఆ పిల్ల జ్వరంతో పోయి ఐదు నెలలైంది. పోయింది ఆ మూడో అంతస్తులోనే, కిటికీ పక్క మంచం మీద.

"ఏంటక్కా, అలా కొయ్యబారిపోయావ్?" అంది ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే, అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ. నోరు మూస్తే ఊపిరాడదన్నట్టు మాట్లాడే మనిషి ఆవిడ.

"ఏం లేదులే. నీ పని చూస్కో."

గురువారం అదే వేళకు ఇంకొకటి పడింది. అదే వెచ్చదనం, అదే మడత. ఈసారి పిన్ని కూడా చూసింది.

"పైన ఎవరున్నారక్కా?"

"రంగులేసేవాళ్లు ఉంటారుగా."

"మగాళ్లు మడతలు కూడా పెడుతున్నారా? మా ఇంట్లో మా ఆయన తువ్వాలు దండెం మీద వేస్తేనే ఆకాశం వంక చూస్తాం, వానొస్తుందేమోనని!"

పెద్దక్కకు నవ్వు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పిన్ని తెల్లచీర కట్టుకుని గుడికి బయల్దేరింది. "గుడ్ ఫ్రైడే సిలువ ఆరాధనక్కా. ఈ ఒక్కరోజైనా రా," అని బతిమాలింది. పెద్దక్క తల అడ్డంగా ఊపింది. కూతుర్ని మట్టిచేసిన రోజు నుంచి ఆవిడ గుడి గడప తొక్కలేదు. దేవుడి మీద కోపమని అందరూ అనుకున్నారు. కోపం కాదు, సిగ్గు. ఆ రోజు సమాధి పక్కన, పదిమందిలో, అల్లుడి మొహం మీదే అనేసింది: "రెండ్రోజులు ముందు తీసుకొస్తే నా బిడ్డ బతికేది. నువ్వే చంపావ్." అతను ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ముందు తెచ్చినా దక్కేది కాదని ఆ తర్వాత డాక్టరు ఆవిడకు విడమరిచి చెప్పాడు. ఆ సంగతి అల్లుడికి చెప్పాల్సింది ఆవిడే. ఇవాళ, రేపు అంటూ ఐదు నెలలు గడిపేసింది.

మూడు గంటలకు గొట్టం గడగడమంది. ఒంటరిగా ఉన్న ఆవిడ ముందుకు మూడో దుప్పటి వచ్చి పడింది. ముఖానికి ఆనించుకుంది. వెంటనే యంత్రంలో పడేసింది. మీట నొక్కడానికి మాత్రం చెయ్యి రాలేదు.

శనివారం ఏమీ పడలేదు. పడనందుకు ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, ఆవిడ సాయంత్రం దాకా ఆ గొట్టం మూతి దగ్గరే తచ్చాడింది. చివరికి ఎవరూ చూడటం లేదని తల లోపలికి పెట్టి మెల్లగా పిలిచింది.

"అమ్మలూ..."

పైనుంచి ఒక నిట్టూర్పు దిగివచ్చింది. గాలే అయ్యుంటుంది. కాని ఆ గాలి మధ్యలో ఆగి, మళ్లీ మొదలైంది.

ఆదివారం పొద్దున షిఫ్టుకు ఆవిడ వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఊళ్లో ఎక్కడో పునరుత్థాన ఆరాధనకు గంటలు మోగుతున్నాయి. ఆవిడ యంత్రాలు వేయలేదు. తిన్నగా మూడో అంతస్తుకు మెట్లెక్కింది.

వార్డు తలుపుకు అడ్డంగా ప్లాస్టిక్ తెర వేలాడుతోంది. తొలగించి లోపలికి వెళ్లింది. పచ్చి రంగు వాసన. రంగు పడకుండా మంచాలన్నిటి మీదా తెల్లదుప్పట్లు కప్పి ఉన్నాయి. ఆ బూడిదరంగు వెలుతురులో ప్రతి మంచం మీదా ఎవరో నిండా ముసుగేసుకుని పడుకున్నట్టే ఉంది. ఒక్కొక్కటే దాటుతూ కిటికీ దాకా నడిచింది.

చివరి మంచం మీది దుప్పటి లేస్తూ, పడుతూ ఉంది.

"అమ్మలూ," అందావిడ.

దుప్పటి లేచి కూర్చుంది. జారిపోయిన గుడ్డలోంచి మాసిన గడ్డంతో, జుట్టునిండా రంగు చుక్కలతో ఒక ముఖం బయటపడింది. అల్లుడు.



"గోడలకి రంగులేసే పని ఇక్కడ పడింది అత్తయ్యా," అన్నాడు. "రోజూ అన్నం వేళకి ఈ మంచం మీదే కాసేపు పడుకునేవాణ్ణి. దుప్పటి ముఖం మీదికి లాక్కుంటే తను పక్కనే ఉన్నట్టు ఉండేది. నిన్న మధ్యాహ్నం పడుకున్నాక... లేవాలనిపించలేదు."

"మరి దుప్పట్లు కిందికి ఎందుకు పంపావ్ నాయనా? అదీ తన మడతలో?"

అతను అయోమయంగా చూశాడు. "మడతేంటి? మనిషి పడుకున్న ఆనవాలు ఉండకూడదని ఉండచుట్టి గొట్టంలో తోసేశాను. అంతే."

పెద్దక్క తల తిప్పి ఖాళీ వార్డు వంక చూసింది. అతను అబద్ధమాడే మనిషి కాదు. ఆ మడతలు ఎవరు పెట్టారో ఆవిడకు ఈనాటికీ తెలియదు. ఆ క్షణాన మాత్రం అడగడానికి ఇంకేమీ మిగల్లేదు, చెప్పాల్సిందే మిగిలింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"నువ్వు చంపలేదు నాయనా. ముందు తెచ్చినా దక్కేది కాదట. డాక్టరే చెప్పాడు. తెలిసి కూడా నీకు చెప్పలేదు నేను. ఐదు నెలలు నిన్ను ఆ మాట కింద పాతిపెట్టేశాను. నన్ను క్షమించు."

అతను దుప్పటిలో ముఖం దాచుకుని ఏడ్చాడు. మట్టిచేసిన రోజున కూడా అలా ఏడవలేదు. ఆవిడ ఆ గుడ్డను మెల్లగా అతని ముఖం మీంచి తొలగించి, చెయ్యి చాచింది.

"ఇంక లే నాయనా. తను పడుకున్న చోట నీకేం పని? తను ఇక్కడ లేదు."

అలా అన్నాక ఆ మాట ఎక్కడ విన్నదో గుర్తొచ్చి ఆవిడకే వణుకు పుట్టింది.

గుడికి వెళ్లేసరికి ఆరాధన సగంలో ఉంది. రంగు చుక్కల చొక్కాతో అల్లుడు, పనిబట్టల్లోనే అత్త, వెనక వరసలో నిలబడ్డారు. పిన్ని మెడ తిప్పి చూసి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది. తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్ల గురించి చెబుతున్నాడు పాస్టరు. 'ఆయన ఇక్కడ లేడు' అని దూత చెప్పగానే వాళ్లు గడగడ వణికిపోతూ పరిగెత్తారన్నాడు. నలభై ఏళ్లుగా వింటున్నా పెద్దక్క ఇన్నాళ్లూ వాళ్ల సంతోషమే పట్టించుకుంది. సంతోషమూ భయమూ ఒకే గుండెలో పక్కపక్కనే పడతాయని ఇవాళే తెలిసింది.

"క్రీస్తు లేచాడు!" అన్నాడు పాస్టరు.

"నిజంగా లేచాడు," అంది గుడంతా. పెద్దక్క పెదవులు కదిలాయి. చివరి మాట బయటికే వినిపించింది.

అల్లుడు ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "అత్తయ్యా... ఆకలేస్తోంది. నిన్నటి నుంచి ఏమీ తినలేదు."

ఆవిడ సంచిలో చెయ్యిపెట్టి, షిఫ్టులో తిందామని కట్టుకున్న రొట్టెముక్క తీసింది. గుడిలో తినడమేంటని ముందు వరస ముసలాయన ఉరిమి చూశాడు.

"తిననివ్వండి బాబాయ్," అంది పెద్దక్క, "ఇప్పుడే లేచాడు."