ఎడంచెయ్యి

మనవరాలిని సుబ్రహ్మణ్యం చేతుల్లోంచి లాగేసుకున్నారు. అందులో రెండో మాట లేదు.

ఇంట్లో తడి ఇసుక వాసన మాత్రం మిగిలింది.

ఫిల్మ్‌నగర్‌లో రెండో అంతస్తు. కూతురు హరిణి పదింటికి డబ్బింగ్‌కి వెళ్లేది. తెరమీద పసిపిల్లలు ఏడిస్తే ఆ ఏడుపు ఆమెదే. తన పిల్ల లాస్యకి మూడున్నరేళ్లు.

"జూన్‌లో ప్లేస్కూల్లో వేద్దాం నాన్నా."

"రంగు కాగితాలు చింపడానికా? నేను లేనూ?"

"మీరు విసుక్కుంటారు."

"విసుక్కున్నా నీకు చదువు రాలేదూ?"

హరిణి వారం ఆలోచించింది. అమ్మ పోయిన ఇంట్లో ఆయనకి ఒక తోడు... సరేనంది.

షేక్‌పేటలో ఇల్లు కడుతున్న చోట అడిగి ఇసుక తెచ్చాడు. జల్లించాడు. పళ్లెంలో పోసి తడిపాడు. ఊరి బడిలో ఆయన అలాగే నేర్చాడు — వేలు పట్టి, ఇసుకలో, అక్షరం లోతుగా దిగేదాకా.

అ.

లాస్య ఎడంచెయ్యి చాపింది.

కుడిచెయ్యి, అన్నాడు.

ఆ.

మళ్లీ ఎడంచెయ్యే. పిచ్చుకలా వచ్చి ఇసుక మీద వాలేది. తోలేశాడు. వాలింది. తోలేశాడు. వాలింది.

"రేపు పెళ్లి పంక్తిలో ఎడంచేత్తో వడ్డిస్తావుటే?"

పిల్ల నవ్వింది. ఆయన నవ్వలేదు.

నాలుగో రోజు పోయిన భార్య కౌసల్య పాత చీర అంచు చించాడు. ఆ చేతిని కుర్చీ కోడుకి కట్టాడు. గట్టిగా కాదు.

గట్టిగా కాదనే ఇప్పటికీ అనుకుంటాడు.

లాస్య ఏడవలేదు. కుడిచేతి వేలితో ‘ఈ’ అక్షరం దాకా దిద్దింది. పిచ్చుక ఎగరలేదు...

ఆరోజు రికార్డింగ్ రద్దయి హరిణి మధ్యాహ్నమే వచ్చింది.

"ఏంటి నాన్నా ఇది?"

"నాకూ కట్టాడు మా మాస్టారు. నాకేమైంది?"

హరిణి ముడి విప్పింది. చేతిలోని అంచు ఎవరి చీరదో గుర్తుపట్టింది.

"ఏమైందో మీతో వేగిన అమ్మనడగాల్సింది."

సోమవారం నుంచి లాస్య ప్లేస్కూలుకి వెళ్తోంది.

సాయంత్రం బిస్కెట్ ఇవ్వబోయాడు. ఎడంచెయ్యి లేచింది. పిల్ల ఆయన మొహం చూసింది. చెయ్యి వీపు వెనక్కి పోయింది.

"ఏ చేత్తోనైనా తీసుకోమ్మా."

తీసుకోలేదు. బల్లమీద పెట్టి, అటు తిరిగాడు. అప్పుడు తీసుకుంది.

"తప్పయిందని దానికి ఒక్కసారి చెప్పండి నాన్నా. చాలు."

నోటిదాకా వచ్చింది. మింగాడు.

ఆ సంగతి ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తొద్దన్నాడు.