ఇరవై నాలుగో ఫ్రేము

నెగెటివులను ఆరారు ఫ్రేముల ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కను ఒక్కో కవరులో పెట్టి, కవరు మీద ఊరూ, ఏడాదీ, ఫొటోలోని మనుషుల పేర్లూ రాసి దాచడం ఫొటోగ్రాఫరు రాజేశం గారి పద్ధతి. నారాయణగూడలో ఆయన ఇంటి వెనక గదిలో అటువంటి కవర్లు మూడు బీరువాల నిండా ఉన్నాయి. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్ టూకు చదువుకుంటున్న మహేశ్వరి ఎనిమిది నెలలుగా మధ్యాహ్నాలు అక్కడికి వచ్చి, ఒక్కొక్కటే విప్పి స్కాన్ చేస్తోంది. ఏ కవరులోనూ ఆరు ఫ్రేములు ఐదు కాలేదు. ఒక్క కవరులో మాత్రం ఒకే ఒక్క ఫ్రేము ఉంది. అంచున ఇరవై నాలుగని అంకె. కవరు మీద ‘పాలమూరు కూలి, 1998’ అన్న మాట. పేరు లేదు.

ఆ ఫొటో తెలియనివారు తక్కువ. ఇటుకల గుట్ట మీద ఒక కూలి మనిషి. బోసి నొసలు, బోసి చేతులు, ఎటో చూసే కళ్లు. ‘భర్తను మింగిన భవంతి ముందు’ అని కింద అచ్చయ్యేది. బడిలో చదివే రోజుల్లో మహేశ్వరి దాన్ని పేపరులోంచి కత్తిరించి నోటుబుక్కులో దాచుకుంది. తన తల్లీ ఈ నగరంలో తట్ట మోసిన మనిషే. ఆమెనెవరూ ఫొటో తీయలేదు. తీసి ఉంటే ఇలాగే ఉండేదనుకుంది.

ఇప్పుడా ఫొటోయే అట్టగా రాజేశం గారి పుస్తకం సోమవారం ప్రెస్సుకు వెళ్తోంది. ముందుమాట కోసం ఆయన పేరుమోసిన రచయితలనెవరినీ అడగలేదు, మహేశ్వరిని అడిగారు. ‘ఈయన తన కెమెరా ముందు ఒక్క పుల్లను కూడా జరపలేదు’ అన్నది అందులో మొదటి వాక్యం. ఆ మాట ఆయన చెప్పిందే. మొదటి రోజునే, మెడలోని కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు: “ఉన్నది ఉన్నట్టే తీసిన బిడ్డా. ఒక్క పుల్ల సుత జరపలే.”

బుధవారం, పాత కరెంటు బిల్లుల మధ్య ఐదు ఫ్రేముల ముక్క ఒకటి దొరికింది. పందొమ్మిది నుంచి ఇరవై మూడు. చుట్టిన కాగితం మీద పెన్సిలుతో ‘ఈదమ్మ, పీరయ్య, లోయర్ ట్యాంక్ బండ్’ అని ఉంది. కోసిన అంచును ఆ ఒంటి ఫ్రేము పక్కన పెడితే అతికినట్టు సరిపోయింది.

తెర మీద ఒక్కొక్కటే వెలిగింది. ఇటుకల మీద కూర్చుని సద్ది తింటున్న మొగుడూ పెళ్లాం. మోచేతుల దాకా గాజులతో, రూపాయి బిళ్లంత బొట్టుతో ఆమె నవ్వు. ఆ తరువాత ఆమె గాజులు తీస్తోంది. అతను వాటిని రుమాలులో పట్టుకున్నాడు. చివరికి, కొంగు చివరతో ఆమె నొసలు తుడుచుకుంటోంది.

మహేశ్వరి ఆ ఫ్రేములన్నిటికీ ప్రింట్లు తీసింది.

మరునాడు ఆ ప్రింట్లూ, నోటుబుక్కులో దాచుకున్న పేపరు ముక్కా తీసుకుని లోయర్ ట్యాంక్ బండ్ బస్తీకి వెళ్లింది. నాలుగు గుమ్మాలు అడిగితే ఐదోది వాళ్లదే. ఈదమ్మ హోటలు వాళ్ల కోసం వెల్లుల్లి వొలుస్తోంది. మంచం మీద పీరయ్య మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

“ఓ యమ్మా, ఇది నేనేనా?” నవ్వుతున్న ఫొటోను ఈదమ్మ వెలుతురుకు తిప్పింది. “చూడయ్యా, గప్పుడు నీకు మీసముండె.”

“గప్పుడు నువ్వు నా మాట గూడ ఇంటుంటివి.”

“గాజులెందుకు తీసినవ్ పెద్దమ్మా?” అని అడిగింది మహేశ్వరి.

“రాజేశమన్న చెప్పిండు. ‘మెరుస్తున్నయ్ చెల్లె, ఫొటో ఖరాబైతది, జర తీసెయ్’ అన్నడు.”

“మరి బొట్టు?”

“చెమటకు కారింది, తుడుసుకోమన్నడు.” ఈదమ్మ పేపరు ముక్కను దగ్గరికి లాక్కుంది. “నాకు అన్న లెక్క. ఆ యేడు రాఖీ గూడ కట్టిన.” ఆమె వేలు అందులోని ఫొటో కింది అక్షరాల మీదికి జరిగింది. “ఇదేంది, ఏం రాసిండ్రు?”

“పాలమూరు కూలి అని.”

“గంతేనా? గింత పొడుగున్నది గద.”

మహేశ్వరి చదివింది.

పీరయ్య పగలబడి నవ్వాడు. “ఓర్నీ! నేనెప్పుడు సచ్చిన్నే? నాకు చెప్పనే లేదు!”

“నవ్వకు,” అంది ఈదమ్మ. వెల్లుల్లి వాసన వేసే చెయ్యి బొట్టు మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. “లోకమంత చూసిండ్రు. నువ్వు నా పక్కన కూసోని బువ్వ తింటుంటే, నేను పేపర్ల ముండమోపి లెక్క తిరిగిన.” మహేశ్వరి వైపు తిరిగింది. “ఆ అన్ననడుగు బిడ్డా. సొంత చెల్లె బొట్టయితే తుడిపిస్తుండెనా అని.”

ఆ మధ్యాహ్నమే మహేశ్వరి ఆరు ఫ్రేములనూ బల్ల మీద వరుసగా పేర్చి, ఆ ప్రశ్న ఆ మాటల్లోనే అడిగింది. రాజేశం గారు మెడలోని కళ్లద్దాలు పెట్టుకుని వాటి మీదికి వంగారు.

“ఆ యేడు బిల్డింగ్ కూలిపడి ఏడుగురు పోయిన్రు. వాళ్ల ఆడోళ్లు కెమెరా ముందటికి రాలే. ఎట్ల చూపియ్యాలె మల్ల? అది ఈదమ్మ ఫొటో కాదు బిడ్డా, అందరి ఫొటో.”

“అందరి కోసం ఈదమ్మను మోసం చేసిన్రు సార్. నన్ను గూడ. పుల్ల జరపలేదని నాతోని రాయించిన్రు. నా ముందుమాట నాకు వాపసియ్యుండ్రి.”

“నీ పేరు తీసేస్త తియ్,” అన్నారాయన మెల్లగా, ప్రేమగానే. “రాసింది మాత్రం ఉంటది. మంచిగ రాసినవ్.”

ఇరవై ఏడేళ్ల కిందట ఇటుకల గుట్ట దగ్గర వినిపించిన గొంతు కూడా ఇంత మెత్తగానే ఉండి ఉంటుంది. మహేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఎదుట తుడుచుకోలేదు.

ఒంటి ఫ్రేము కవరును దగ్గరికి లాక్కుంది. కోసిన ముక్కను ఇరవై నాలుగు పక్కన చేర్చింది. పెన్ను తీసి ‘పాలమూరు కూలి’ని కొట్టివేసి, ఆయన పద్ధతిలోనే, ఆయన చూస్తుండగానే రాసింది:

‘ఈదమ్మ. భర్త పీరయ్య. ఉన్నాడు.’