ఐదు నిమిషాల అనుభవం

నేను ఒక చక్రాల కుర్చీని. సైకిళ్లు చేసే కార్ఖానాలో పుట్టి, కొన్నాళ్లు ఆసుపత్రి వరండాలో తిరిగి, ఒక దాత పుట్టినరోజు పుణ్యమా అని ఎస్తేరు గారి ఇంటికి చేరాను. నా వీపు మీద దాత పేరు పెద్దక్షరాల్లో రాయించారు. ఆమె పేరు మాత్రం ఎవరూ అడగలేదు. మనుషుల మీద నాకు అనుమానం అప్పుడే మొదలైంది.

ఎస్తేరు గారికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరు. అక్కడి బాత్రూముకు మెట్లున్నాయి. నేను ఎక్కలేను కాబట్టి ఆమె సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టదు.

ఒకరోజు సుహాస్ అనే సేవా సంఘం కుర్రాడు దివ్యాంగుల దినోత్సవ సభకు పిలవడానికొచ్చాడు.

“వత్తాను గానీ బాబూ, మా బాత్రూముకో ర్యాంపు కట్టించమని పెద్దాళ్లతో చెబుతావా?”

“ముందు అవగాహన రావాలి మేడమ్. తర్వాత అన్నీ వాటంతటవే వస్తాయి.”

వాటంతటవే వచ్చేవి నేనెక్కడా చూడలేదు. నేనైనా తోస్తేనే కదా కదిలేది!

కాలేజీ హాల్లో పెట్టిన ఆ సభలో ఆమెకు మర్యాదగా కాఫీ ఇచ్చి, ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చి, నన్ను వేదిక ముందుకు లాక్కెళ్లారు. ‘ఐదు నిమిషాలు వారి బాధను అనుభవించండి’ అని కార్యక్రమం. ఒక్కొక్కరే నా మీద కూర్చుని, కళ్లు తుడుచుకుని, సెల్ఫీ దిగి లేచారు. ఒకావిడ ముందు కొంగు సర్దుకుని, ఆ తర్వాతే ఏడ్చింది.

ఇంతలో ఎస్తేరు గారు చెయ్యెత్తారు. “బాబూ, నా బండి ఓసారి ఇయ్యి. బాత్రూముకెళ్లాలి.”

“ఒక్క నిమిషం మేడమ్, ప్రిన్సిపాల్ గారు కూర్చున్నారు.”

ఆ నిమిషం ఎంతకీ కాలేదు. ఆమె పిడికిళ్లు బిగించి కూర్చుంది. చివరికి నేల మీదికి దిగి, చేతులతో ఒళ్లు ఈడ్చుకుంటూ బాత్రూము వైపు కదిలింది. సిగ్గుతో నేను చచ్చిపోయాను. హాలంతా చప్పట్లు మోగాయి. అదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు.

ఆమె తిరిగొస్తుంటే సుహాస్ నన్ను తోసుకుంటూ ఎదురెళ్లాడు. “అద్భుతం మేడమ్! వీడియోలో సగమే వచ్చింది. ఇంకొక్కసారి…”

“ఇటికెలూ సిమెంటూ పట్టుకురా నాయనా. అప్పుడు తీసుకుందువుగాని వీడియో.”

“వచ్చే ఏడాది అంశం అదే పెడదాం మేడమ్!”

ఆమె నా మీదికి ఎక్కి కూర్చుంది. నా చక్రాలు తనే తిప్పుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడా మెట్లే. ఇద్దరు కుర్రాళ్లు మా ఇద్దర్నీ ఎత్తి దింపారు. ఫోటో తీసేదాకా మమ్మల్ని గాల్లోనే ఉంచారు.