మందు చొక్కా

యేసుపాదానికి పాత చొక్కాలు రెండే. రెండూ బూడిదరంగువే. ఒకటి తొడుక్కుని పత్తిచేలో పురుగుమందు కొట్టేవాడు. పత్తి ఏరడం అయ్యేదాకా దాన్ని ఉతికేది లేదు. దొడ్డి కంచెమీద పడేసేవాడు. రెండోదాన్ని భార్య దేవకుమారి చంటివాడి ఉయ్యాల్లో పక్కగుడ్డగా వేసేది. ఏది ఏదో ఆమె ఏనాడూ కళ్ళతో చూసి ఎరగదు. మందు చొక్కా కంపు గుమ్మం దాకా కొట్టేది, అదే గుర్తు.

మొన్న జ్వరపడి లేచాక ఆమెకు కూరలన్నీ ఒక్కలాగే ఉంటున్నాయి. ముక్కు పోయినట్టుందని అత్త ఆదెమ్మతో చెబితే నవ్వింది.

"ముక్కు పోయిందంట, ముక్కు. పొద్దున పోపులో మిరపకాయ వేస్తే తుమ్మింది ఎవరే, నేనా?"

నిజమే కదా అనుకుంది దేవకుమారి. తుమ్ములొచ్చే ముక్కు పోవడమేమిటి?

మధ్యాహ్నం చినుకులు మొదలయ్యాయి. కంచెమీది గుడ్డలన్నీ గబగబా లాక్కొచ్చింది. చేతికందిన చొక్కా ఉయ్యాల్లో పరిచి పిల్లవాణ్ణి పడుకోబెట్టింది.

కాసేపటికి ఆదెమ్మ వస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందే, ఇంట్లో మందు కంపు?"

ఉయ్యాల దగ్గరికి ఉరికింది. పిల్లవాడి నోట్లోంచి చొంగ ధారకడుతోంది. మెడ వేలాడిపోతోంది.

బ్రాడీపేట ఆస్పత్రిలో ఒళ్ళంతా కడిగి, సూదులు వేశారు. "గండం గడిచిందమ్మా. పురుగుమందు చర్మంలోంచి ఎక్కింది," అన్నాడు డాక్టరు. "ఇంత కంపు నీకు తెలియలేదా?"



డాక్టరుకు చూపించడానికి తెచ్చిన చొక్కాను ఆదెమ్మ వరండాలో దేవకుమారి ముఖం ముందుకు తోసింది. "తెలవకుండా ఎట్టుంటదే? ఎవరిమీద కోపం? నా మీదా, నా కొడుకు మీదా?"

దేవకుమారి రెండు చేతులా చొక్కా అందుకుంది. ముక్కుకు అదుముకుని గుండెనిండా పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఉతికి ఆరేసిన గుడ్డలాగే ఉంది. బెంచీమీదివాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని దూరం జరిగారు. ఆమె ఇంకా పీలుస్తూనే ఉంది.

ఆదెమ్మ ముఖం తెల్లబోయింది. చొక్కా లాగి అవతల పారేసింది. "చాలే. పీల్చమాకే తల్లీ, చాలు."

"ఏం రావట్లేదత్తా."

ఇప్పుడు యేసుపాదం మందు చొక్కా చేలోనే వదిలి వస్తున్నాడు. దాని భుజానికి ఎర్రగుడ్డ కుట్టించాడు. అయినా ఉయ్యాల్లో వేసే ప్రతి గుడ్డనూ దేవకుమారి ముందు అత్తకు అందిస్తుంది. ఆదెమ్మ వాసన చూసి, "ఏం లేదు, పరిచెయ్యి," అంటుంది.

ఒకరోజు దేవకుమారి పిల్లవాణ్ణే ఎత్తి ఇచ్చింది. "వీడేం వాసనొస్తన్నాడత్తా?"

ఆదెమ్మ వాడి నెత్తిమీద ముక్కు ఆనించి, గుండెనిండా పీల్చింది.

"పాలకంపు. ఇంకేం వస్తదే నీ కొడుకు?"