కొసరు లేని మందు

1874లో మధురైలో ఆడవాళ్ళ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకునేవాళ్ళలో చెల్లమ్మాళ్ ఒకతె. ఊరు మేలూరు. తండ్రి అయ్యసామికి అక్కడ బెల్లం, మిరపకాయల అంగడి ఉంది. భర్త పోయాక ఆమె ఆ అంగడి వెనక గదిలో పప్పులు ఏరుతూ ఉండిపోయింది. అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి తండ్రిని ఏడాది పాటు అడగాల్సి వచ్చింది. సోమవారం ఆసుపత్రి డాక్టరు దొర ముందు మందు కొలిచి ఇవ్వాలి. తప్పితే మళ్ళీ వెనక గదే.

నేర్పేది పంకజవల్లి. ఆమెది కోయంబత్తూరు దగ్గరి అన్నూరు, చెల్లమ్మాళ్ ఇంట్లోలాగే ఆమె ఇంట్లోనూ తెలుగే. శనివారం ఆమె చలిజ్వరానికి ఇచ్చే క్వినైనుకు బదులు బియ్యప్పిండి పెట్టి లెక్క ఇచ్చింది.

"పెద్దోళ్ళకు ఈ పొట్లమంత. రెండేండ్ల పిల్లోడికి ఎంత?"

సూత్రం చెల్లమ్మాళ్‌కు వచ్చు. వయసుకు పన్నెండు కలపాలి. ఆ మొత్తంలో వయసు ఎన్నో వంతో, పిల్లవాడికి మందు అన్నో వంతు. రెండుకు పన్నెండు కలిపితే పద్నాలుగు. పద్నాలుగులో రెండు, ఏడో వంతు.

అక్కడ ఆగింది. అంగడిలో అర ఉంది, పావు ఉంది, అరపావు ఉంది. ఏడో వంతు లేదు. పిండిని సగం చేసింది, ఆ సగాన్ని సగం, దాన్ని మళ్ళీ సగం. ఏడో వంతు దానికంటే కాస్త ఎక్కువ. చిటికెడు తీసి పైన వేసింది.

"అదేమి?" అంది పంకజవల్లి.

"కొసరు, అక్కా."

"కొసరంటే ఎంత?"

"చేతికి ఎంతొస్తే అంత. మా నాయిన కొసరు లేకుండా ఎవురికీ పొట్లం కట్టింది లేదు."

"శరి, ఇంకోసారి వెయ్యి."

వేసింది. రెండు చిటికెలనూ పంకజవల్లి త్రాసులో చెరోవైపు పెట్టింది. రెండోవైపు కిందికి దిగింది.

"మీ నాయిన ఇట్లా పోస్తే అంగడి మూసుకోవాల. బెల్లం ఎక్కువైతే పిల్లోడు నవ్వతాడు. ఇది ఎక్కువైతే చెవులు హోరుమని కక్కతాడు. చేత్తో ముక్క చెయ్యలేనిదాన్ని నీళ్ళతో చెయ్యి."

పొట్లమంతా గిన్నెలో వేసి, నిమ్మరసంతో కరిగించి, ఏడు చెంచాలు అయ్యేదాకా నీళ్ళు పోయాలి. ఒక చెంచా ఏడో వంతు. ఆదివారమంతా చెల్లమ్మాళ్ ఉత్త నీళ్ళు కొలిచింది. చెంచా నిండాక చెయ్యి ఇంకో చుక్క కోసం వంగుతూనే ఉంది.

సోమవారం మేలూరు నుంచి పొన్ను అనే ఆమె, రెండేళ్ళ కొడుకు నాగరాజన్‌ను చలిజ్వరంతో తెచ్చింది. దొర మంచం పక్కన నిలబడ్డాడు. చెల్లమ్మాళ్ మందు కరిగించి, ఏడు చెంచాలు చేసి, ఒకటి తాగించింది.

పొన్ను ఆమె మొహం చూసింది. "నువ్వు అయ్యసామి కూతురివి గదా. ఇంకో అర చెంచా పొయ్యమ్మా. గిన్నెలో అంత ఉండాదే."

"అది తరవాత వేళలకు, అక్కా."

"మీ అంగడిలో ఎన్నడూ ఇట్లా పిసినారితనం చూడలేదు నేను. పిల్లోడు కాలిపోతాండాడు."

చెల్లమ్మాళ్ చెయ్యి గిన్నె మీదికి వెళ్ళింది. మూత తీసుకుని గిన్నె మీద పెట్టింది. పిల్లవాడు చేదుకు నోరు తెరిచి ఏడుస్తున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి బెల్లం ముక్క తీసి వాడి నోట్లో పెట్టింది. తర్వాత ఇంకో పలుకు విరిచి పెట్టింది.

"ఇదిగో, కొసరు" అంది.

పొన్ను కొడుకు మూతి తుడిచింది. దొరకు తెలుగు రాదు. వాళ్ళు దేని గురించి మాట్లాడుకున్నారని పంకజవల్లిని అరవంలో అడిగాడు.

"బెల్లం గురించి" అందామె.

దొర గిన్నెలో మిగిలిన మందును చెంచాతో కొలిపించాడు. ఆరు వచ్చాయి. తల ఊపి పక్క మంచానికి వెళ్ళాడు.

పంకజవల్లి అతని వెనకే వెళ్తూ ఆగింది. "రేపు నీ మంచానికి నాలుగేండ్ల పిల్ల వస్తాది. లెక్క వేసి పెట్టుకో."

"పావు, అక్కా" అంది చెల్లమ్మాళ్. "అది మా అంగడిలో ఉండాది."