మూడు ఐసు దిమ్మలు

పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం రెట్టింపు, ఇంతేగా, సెకండియర్‌లో రెండు మార్కుల బిట్టు, కళ్లు మూసుకుని రాసేసేను, ఏ చర్య, ఎవరిది అని అడగలేదు, ఇప్పుడు వసారాలో ఆగిపోయిన ఫ్రీజర్ పెట్టెలో అమ్మమ్మ, పోయింది నిన్న మధ్యాహ్నం, ఇవాళ పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, పెట్టెలో నాలుగు డిగ్రీలుండాలి, బయట నలభై, అంటే రెట్టింపు, దానికి రెట్టింపు, మళ్లీ, ఇంకాస్త, ఒక గంట పన్నెండు గంటల పెట్టు, అమ్మేమో కువైట్ నుంచి దిగి కారెక్కింది, సూర్యాపేట దాటిందంట, కాట్రేనికోన చేరేసరికి ఏడున్నర, ఇప్పుడు రెండు, ఐదున్నర పన్నెండ్లు, ఆపవే తల్లీ, బీటెక్ కెమికల్ అని ఎవరు చదవమన్నారు నిన్ను.

దానియేలు మావయ్య ఆటోలో మూడు దిమ్మలు దింపేడు, రొయ్యల ఐసు ఫ్యాక్టరీవి, ఆ పక్క షెడ్డులోనే అమ్మ పదేళ్లు రొయ్యల తలలు తీసింది, వేళ్లు తెల్లగా నానిపోయి కొంకర్లు పోయి ఇంటికొచ్చేది, అమ్మమ్మ ఆ వేళ్లు తన రెండు చేతుల్లో పెట్టుకుని కాచేది, వేడి ఎప్పుడూ వెచ్చటి దాన్నుంచి చల్లటి దానికే పోతుంది, ఈ ముక్క నాకు కాలేజీ కంటే ముందే తెలుసు, కిలో ఐసు కరగాలంటే మూడొందల ముప్ఫై నాలుగు కిలోజౌళ్లు లాక్కోవాలి, లాక్కో, ఎంత కావాలంటే అంత లాక్కో, ఏడున్నర దాకా ఉండు చాలు, అయ్యో మావయ్య ఉప్పు బస్తా విప్పుతున్నాడు, వద్దు మావయ్యా, ఉప్పేస్తే చల్లదనం పెరుగుద్ది గానీ ఐసు తొందరగా కరిగిపోద్ది, ఐదింటికే నీళ్లయిపోద్ది, అంటే ఇరవై ఏళ్లుగా చేపలకి ఏస్తున్నానే, నువ్వు చెప్పొచ్చేవా అన్నాడు, అమ్మమ్మ పండుగప్ప కాదు మావయ్యా అన్నాను, ఇద్దరం ఒక్కసారే ఏడ్చేం, ఆవిడ వినుంటే పడీ పడీ నవ్వేది.

పాస్టరుగారు వచ్చి, శరీరం మట్టేనమ్మా, నాలుగింటికి సమాధి కానిచ్చేద్దాం, ఆయ్, మీ అమ్మగారికి వీడియోలో చూపిద్దాం అంటున్నారు, వీడియోనా, ఆరేళ్లుగా అమ్మ చూసింది వీడియోనే కదండీ, ఏడున్నర దాకా ఆగండి, కాళ్లు పట్టుకుంటాను, పైగా అమ్మకి పోయిందని చెప్పనే లేదు, సీరియస్ అన్నానంతే, అంతకుముందు పది రోజులూ బానే ఉందమ్మా, కాస్త నలత, అంతే అన్నాను, సెలవివ్వరని, కంగారు పడుద్దని, వార్తకి కూడా ఐసు పెట్టినదాన్ని నేను, ఐసు చర్యని ఆపదు, నెమ్మది చేస్తుందంతే, ఇది కూడా రెండు మార్కుల బిట్టే.

ఫోను, అమ్మ, ఎత్తేను, ఎలా ఉందే అమ్మమ్మ అంది, బానే, అని నోరు దానంతటదే అనబోయింది, వెనకాల మావయ్య గునపంతో దిమ్మ పగలగొడుతున్నాడు, టక్, టక్, అవతల కారు హారన్లు, అమ్మ, ఐసు కొడుతున్నారా అంది, పదేళ్లు విన్న చప్పుడు కదా, మావయ్యకి చెప్పు, ఉప్పు ఎయ్యొద్దని, తొందరగా పోద్ది అంది, నిన్న టిక్కెట్టు తీసుకోమన్నప్పుడే తెలిసిందే పాపా, నలతకి ఎవరూ ఫ్లైటెక్కమనరు, ఇంకోటి, చేతుల మీద ఐసు పెట్టకండి, చేతులు మాత్రం బయట ఉంచు, పాస్టరుగారికి నేను చెప్తాను ఫోనివ్వు.

ఇచ్చేను, ఆయ్, ఆయ్, అలాగేనమ్మా అంటున్నారు ఆయన, నేను పెట్టె మీదికి వంగి ఐసు పక్కకి తీస్తున్నాను, ముందు అమ్మమ్మ కుడిచెయ్యి, తర్వాత ఎడమ, ముడతలన్నీ బిగుసుకున్నాయి, నా అరచేతుల్లో పెట్టుకుని కాచేను, వేడి నా నుంచి పోతోంది, పోతూనే ఉంది, ఏడున్నరకి అమ్మ ముఖం చూస్తుంది, చూడగలుగుతుంది, లెక్క సరిపోయింది, కానీ పది రోజుల కింద ఒక్క నిజం చెప్పుంటే, అమ్మమ్మ ఈ చేతులతోనే అమ్మ వేళ్లని కాచేది.