లైన్ మీదుండమ్మా

మూడో దెబ్బకు గాని పెట్టెలో దీపాలు వెలగలేదు. ఎస్తర్ అరచేతికి అంటిన దుమ్మును దులుపుకుని కుర్చీలో కూర్చుంది. గోడకు బిగించిన ఆ టెలిఫోన్ పెట్టె ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పసుపెక్కింది. ఎదురుగా బల్ల మీద ఇరవైనాలుగు మీటల ఫోను. సగం మీటల మీద అంకెలు అరిగిపోయాయి. ఆమె వేళ్లకు అంకెలు చూసే అవసరం లేదు కాబట్టి వాటి సంగతి ఎవరికీ పట్టలేదు.

నిజామాబాద్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి బయటి నుంచి వచ్చే ప్రతి ఫోనూ ముందు ఎస్తర్ ఎత్తాలి. ఎవరు కావాలో అడిగి, ఆ గదికి కలపాలి. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. భర్త పాల్ రాజ్ పోయిన వారానికి మళ్లీ ఇదే కుర్చీలో కూర్చుంది. ఏళ్ల తరబడి రిసీవర్‌ను చెవికి నొక్కి పట్టుకోవడంతో కుడిచెవి పైన ఒక కాయ కాచింది. బజారులో ఆమె ముఖం చూసి గుర్తుపట్టని వాళ్లు, కూరగాయల ధర అడగ్గానే గొంతు గుర్తుపట్టి తల తిప్పి చూస్తారు.

ఎస్తర్‌కు కోపం ఎక్కువని ఆసుపత్రిలో అందరూ అంటారు. ఎందుకుండదు? మొన్నటి వానల్లో పిడుగు పడి పెట్టె లోపల ఏదో మాడింది. అప్పటి నుంచి ఎమర్జెన్సీకి కలిపితే క్యాంటీన్‌లో మోగుతుంది, క్యాంటీన్‌కు కలిపింది ఎమర్జెన్సీలో మోగుతుంది. అదైనా ప్రతిసారీ కాదు. ఎప్పుడూ తప్పే పోతే తిరగేసి నొక్కుకునేది. ఈ పెట్టెకు ఆ మాత్రం నీతి కూడా లేదు. పెట్టె మార్చమని పదకొండు ఉత్తరాలు రాసింది. ఒక మెకానిక్ వచ్చి, "దీని సామాన్లు యాడ దొరకయమ్మా, చేసిన కంపెనీయే బందైంది" అని చాయ్ తాగి వెళ్లిపోయాడు. మేనేజర్ సురేందర్‌ది ఎప్పుడూ ఒకటే మాట: "కొత్తది వస్తున్నదక్కా. గప్పటిదాక జర సంభాలించు."

ఆ సురేందరే నిరుడు ఆమెకు మెమో ఇచ్చాడు. ఎవరో తల్లి ఫోన్ చేసి పిల్లకు ఒళ్లు కాలిపోతోందని ఏడిస్తే, డాక్టర్ దొరికేలోపు తడిబట్టతో తుడవమని చెప్పింది. అదీ నేరం. ఆపరేటర్ వైద్య విషయాలు మాట్లాడరాదు, సంబంధిత విభాగానికి కలపడమే విధి, మళ్లీ జరిగితే ఉద్యోగం ఉండదు అని టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఆ రోజంతా ఆమె అన్నం తినలేదు.

పదకొండు గంటలకు బయటి లైన్ మోగింది.

"అలో, దవాఖానేనా అమ్మా?" ఆడగొంతు. వెనక పదిమంది అరుపులు.

"అవునమ్మా, చెప్పు."

"నేను గంగామణిని, రెంజల్ అవతలి కెల్లి మాట్లాడుతున్న. చెరుకు కొడుతుంటె మా ఆయినకు పాము కరిసింది. రక్తపింజర అంటున్నరు. మీ తాన పాముకాటు మందున్నదా?"

"ఎంతసేపైంది?"

"అర్ధగంట గూడ కాలే. కాలు ఉబ్బుతున్నది. మావోల్లు పసరు పోసేటాయిన తానికి కొంచవోతమంటున్నరు. నేను ఆటో ఆపి పట్టుకున్న. మందున్నదని నువ్వు ఒక్క మాటంటె నిజామాబాదే తోల్కొస్త. లేకుంటె నా మాట ఎవ్వలు ఇంటలేరమ్మా."

మందు ఉంది. సోమవారం వచ్చింది. స్టోర్ వాళ్లు ఫ్రిజ్‌లో పెట్టామని ఎమర్జెన్సీకి చెప్పడానికి ఆమెతోనే కలిపించుకున్నారు. "ఉంది, తీస్కరా" అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ వెనకే టైపు కాగితం గుర్తొచ్చింది.

"లైన్ మీదుండమ్మా. డాక్టర్‌కు కలుపుత."

ఎమర్జెన్సీ మీట నొక్కింది. "ఇడ్లీ అయిపోయినయి, ఉప్మా ఉన్నది" అంది అవతలి గొంతు. మళ్లీ నొక్కింది. ఈసారి ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. "పెట్టెయ్యకు, గిప్పుడే వస్త" అని గంగామణితో చెప్పి ఎస్తర్ లేచి పరుగెత్తింది. మోకాలి నొప్పి మొదలైన ఈ ఐదేళ్లలో ఆమె పరుగెత్తడం ఎవరూ చూడలేదు. వరండాలో కూర్చున్న రోగులు కాళ్లు ముడుచుకున్నారు.

ఎమర్జెన్సీలో ఫోన్ బల్ల మీద ఉంది, రిసీవర్ లేదు. తీగ పట్టుకుని చూస్తే సొరుగులోకి పోయింది. సొరుగు లాగితే తువ్వాలులో చుట్టి పెట్టిన రిసీవర్.

"ఎవడు పెట్టిండు దీన్ని?"

కాంపౌండర్ హన్మండ్లు చేతిలో సిరంజితో ఇటు తిరిగాడు. "నేనే అక్కా. పొద్దుగాల కెల్లి చాయ్‌లు, ఇడ్లీలు అడుగుతున్నరు. సూది పట్టుకొని ఎన్నిసార్లు ఉరకాలె? రోజూ గిట్లనే పెడుతున్నం."

రోజూ. ఎంగేజ్ అని విని, పనిలో ఉన్నారేమో, కాసేపాగి చేయండని తను ఎంతమందికి చెప్పిందో ఎస్తర్‌కు లెక్క తెలియదు. "సిగ్గుండాలె" అని అరిచింది. ఎవరిని అన్నదో ఆమెకే తెలియదు. డ్యూటీ డాక్టర్ తెర పక్కకు జరిపి, విషయం విని, "మందుంది, వెంటనే తీసుకురమ్మనండి" అన్నాడు. రెండు ముక్కల మాట. దాని కోసం ఇంత దూరం రావలసి వచ్చింది.

తిరిగొచ్చేసరికి లైన్లో గుయ్యిమనే శబ్దం తప్ప ఏమీ లేదు. నిమిషం దాటితే ఆగిన కాల్‌ను ఆ పెట్టె తనే కోసేస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆలోపే తిరిగి రాగలననుకుంది. వచ్చిన నంబర్ చూపించే తెలివి దానికి లేదు. ఎస్తర్ పెట్టెను బూతులు తిట్టింది. ఫీజు కట్టడానికి నిలబడ్డ పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

తర్వాత తన సెల్‌ఫోన్ తీసి రెంజల్ చర్చిలో పాస్టర్‌గా ఉన్న విజయ్ పాల్‌కు చేసింది.

"అయ్యగారు, వందనాలు తర్వాత పెడత. చెరుకు కొట్టేటాయినకు పాము కరిసింది. భార్య పేరు గంగామణి. పసరు పోసేటోల్ల తానికి పోయి చూడుండ్రి. ఈడ మందున్నదని చెప్పుండ్రి. దవాఖాన ఫోన్ల మాట్లాడినామె చెప్పిందని చెప్పుండ్రి."

విజయ్ పాల్ మరేమీ అడగకుండా బండి తీశాడు. ఆ చుట్టుపక్కల పసరు పోసేవాళ్లు ముగ్గురు. మొదటి ఇద్దరి దగ్గరా గంగామణి వాళ్లు లేరు. మూడోవాడు మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఉంటాడు. మధ్యాహ్నమంతా ఎస్తర్ ఫోన్లు ఎత్తింది, కలిపింది, తప్పు పోతే మళ్లీ కలిపింది. మంచినీళ్లు కూడా తాగలేదు. మళ్లీ ఆ గొంతు వస్తుందేమోనని ప్రతిసారీ ఎదురుచూసింది.

నాలుగవుతుండగా ఆటో వచ్చింది. ముందు సీట్లో పాస్టర్, వెనక గంగామణి ఒడిలో తల పెట్టుకుని ఆమె భర్త సాయిలు. కాలు తొడ దాకా ఉబ్బి ఉంది, పాదానికి పసరు ఎండి పచ్చగా పట్టుకుంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. స్ట్రెచర్ ఆమె బల్ల ముందు నుంచే లోపలికి వెళ్లింది.

ఐదు దాటాక హన్మండ్లు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు కడుక్కుని తుడుచుకోనట్టున్నాడు, నీళ్లు కారుతున్నాయి.

"పోయిండక్కా."

కాసేపటికి సురేందర్ వచ్చి, బల్ల మీదికి వంగి మెల్లగా అన్నాడు. "ఎవరన్న అడిగితె ఫోన్ రాలేదను అక్కా. లేనిపోని లొల్లి మనకెందుకు?"

ఎస్తర్ లేచి నిలబడింది. "వచ్చింది. నేనే ఎత్తిన. గిప్పటి సంది ఎవ్వలడిగినా నాకెరుకున్నది చెప్త. ఇంకో మెమో రాసుకో పో."

ఇరవై ఆరేళ్లలో ఆమె ఏ మేనేజర్‌నూ సార్ అనకుండా మాట్లాడలేదు. సురేందర్ చుట్టూ చూసి వెళ్లిపోయాడు.

శవాన్ని వ్యానులోకి ఎక్కిస్తున్నప్పుడు గంగామణి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. చెరుకాకు కోసిన గీతలు మోచేతుల దాకా ఉన్నాయి.

"ఫోన్ల మాట్లాడింది నువ్వేనా అమ్మా?"

"నేనే."

"మస్తుసేపు పట్టుకున్న. అలో అలో అన్న. ఎవ్వలు పలకలే. ఆల్లు మందులేదేమో అన్నరు. నా చేతుల కెల్లి ఆయినను గుంజుకపోయిండ్రు."

తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. ఎస్తర్ చెప్పకుండా ఉండవచ్చు. అడిగేవాళ్లు ఎవరూ లేరు.

"మందున్నదని నాకు గప్పుడే ఎరుక బిడ్డా. నౌకరీ పోతదని చెప్పలే."

గంగామణి ఆమె ముఖంలోకి చూసింది. బయట వ్యాను హారన్ కొట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె నిలబడిన చోట, బల్ల అంచున, ఒక కాగితం మిగిలిపోయింది. నిరుడు ఊళ్లలో పెట్టిన ఉచిత శిబిరంలో ఆసుపత్రి వాళ్లు పంచిన కరపత్రం. నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసి తెచ్చుకున్నట్టుంది, చెమటకు మెత్తబడింది, మడతల్లో చెరుకాకు నూగు ఉంది. అడుగున ఉన్న ఫోన్ నంబర్ చుట్టూ ఎవరో పెన్నుతో సున్నా చుట్టి, కనబడదేమోనని దాని మీదే ఇంకోసారి గట్టిగా చుట్టారు.